ఒంట్లో ఆ వణుకు నిజమేనని నమ్మినవాళ్లందరికీ

తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు నడుపుతాను. నాకు 48 ఏళ్లు. పోయిన ఏడాది జాకెట్లు చెప్పిన రోజుకి ఇవ్వడం లేదని, షాపు తీసినా మిషను ముందు ఊరికే కూర్చుంటున్నానని చాలామంది గమనించారు. అడిగినవాళ్లకు "ఒంట్లో బాగుండట్లేదండీ" అని మాత్రమే చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు కాస్త తేరుకున్నాను. ఆ బాగుండకపోవడం ఏమిటో, అందులోంచి నన్ను ఎవరెవరు బయటికి లాగారో నలుగురిలో చెప్పి దణ్ణం పెట్టాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దన్నారు, అందుకని వరసలతోనే చెబుతాను. ఎవరి గురించో వాళ్లకు అర్థమవుతుంది.

ముందు ఆ బాధేమిటో చెప్పాలి. రాత్రి పడుకున్నాక, ముఖ్యంగా తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, ఛాతీ లోపల, పొత్తికడుపులో, తొడల్లో సన్నగా ఏదో అదురుతూ ఉండేది. సైలెంట్‌లో పెట్టిన ఫోను దిండు కింద గుర్రుమంటే ఎలా ఉంటుందో అలా, కాకపోతే ఆ ఫోను నా ఎముకల్లో ఉన్నట్టు. చెయ్యి చాపి చూసుకుంటే వేలు కూడా కదిలేది కాదు. జ్వరం లేదు, చలి లేదు, గుండె దడ కూడా అన్నిసార్లూ లేదు. పగలంతా మోటారు మిషను మీద కూర్చునే మనిషిని కదా, ఆ అదురే ఒంట్లో మిగిలిపోతోందేమో అనుకుని కొన్నాళ్లు మిషను ఎక్కడం మానేశాను. అయినా ఆగలేదు.

మొదటి కృతజ్ఞత మా వారికి. నేను అర్ధరాత్రి లేపి "ఏమండీ, మంచం అదురుతోందా?" అని అడిగితే నవ్వలేదు, విసుక్కోలేదు. లేచి ఫ్రిజ్ ఆపారు, ఇన్వర్టర్ ఆపారు, పక్కింటివాళ్ల నీళ్ల మోటారు గానీ నడుస్తోందా అని గోడకి చెవి ఆనించి విన్నారు. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి మంచం పట్టె మీద, నా నడుం పక్కనే పెట్టారు. టార్చి లైటు వేసి ఇద్దరం ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్నాం. నీళ్లు అద్దంలా నిలిచిపోయాయి, నా ఒంట్లో మాత్రం అదురు అలాగే ఉంది. "మంచంలో ఏమీ లేదు, నీకే ఏదో అవుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నారు. "నీ భ్రమ" అని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అననందుకే ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను.

డాక్టర్ల దగ్గరికైతే వెళ్లాం గానీ, తల ప్రాణం తోకకొచ్చింది. ఒకచోట బీపీ చూసి, ఈసీజీ తీసి, "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని నిద్రమాత్ర రాశారు. ఇంకోచోట స్కానింగులో చిన్న గడ్డ కనబడిందని, ఎలాగూ వయసైపోయింది కాబట్టి గర్భసంచి తీయించేసుకుంటే ఈ గొడవలన్నీ వదిలిపోతాయని చెప్పారు. ఆపరేషన్‌కి రోజు కూడా చూసుకోమన్నారు. ఊళ్లో ఒకరిద్దరు పెద్దవాళ్లు గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమన్నారు. నిజం చెప్పాలంటే తాయెత్తు వల్ల నష్టమేమీ లేదు, ఆ ఆపరేషనే భయపెట్టింది.

అక్కడ అడ్డుపడింది మా ఆడపడుచు. విజయవాడలో స్టాఫ్ నర్సు. ఫోన్లో నా మాట విని, "వదినా, అడ్వాన్సు కట్టారా? కట్టకపోతే ఆగండి, నేను వస్తున్నా" అని మర్నాడే బస్సెక్కి వచ్చింది. ఆవిడ చెప్పిన లెక్క విని నాకు కళ్లు తిరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లను తీసుకుంటే, గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 3 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. మన దగ్గర ఆడదానికి ఏ బాధ వచ్చినా చెయ్యి ముందు గర్భసంచి మీదికే పోతుందన్నమాట. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోయి, ఏళ్ల మీద మెల్లగా రావాల్సిన మెనోపాజ్, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోయే దశ, ఆపరేషన్ అయిన రోజుల్లోనే మీద పడుతుందని వివరంగా చెప్పింది. నిజంగా అవసరమై తీయించుకునేవాళ్లు ఉంటారు, నేను కాదనను. నా గడ్డ మాత్రం తర్వాత చూపించుకుంటే ఏ ఇబ్బందీ చెయ్యని చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ అని తేలింది.

వెళ్లేముందు మా ఆడపడుచు ఒక పనిచేసింది. షాపులో కొలతలు రాసుకునే నోటుపుస్తకం ఒకటి లాక్కుని, జాకెట్ కొలతలు రాసే గడుల్లోనే కొత్తగా హెడింగులు పెట్టింది: అదురు ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, అంతకు ముందు ఏం తిన్నాను, కాఫీనా టీనా, నెలసరి ఎప్పుడు, ముఖంలోకి ఆవిర్లు వచ్చాయా, నిద్ర ఎంత, ఏ మాత్రలు వేసుకున్నాను. "డాక్టరు దగ్గర ఏడవద్దు వదినా, ఇది చూపించు" అంది. కొన్ని వారాలు రాశాక నాకే కొన్ని కనబడ్డాయి. నెలసరి ఆలస్యమైన నెలల్లో అదురు ఎక్కువ. ఆవిర్లు వచ్చి ఒళ్లంతా చెమటపట్టిన రాత్రుల్లో దాని వెనకే ఇదీ వస్తోంది. శనివారం ఉపవాసం ఉండి సాయంత్రం దాకా ఉత్త టీ మీద నడిపిన రోజున మరీ ఎక్కువ.

ఆ పుస్తకం పట్టుకుని గుంటూరులో ఒక పెద్ద ఫిజీషియన్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన పుస్తకం మొత్తం తిప్పి చూశారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, షుగర్ పడిపోయినా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా, క్యాల్షియం మెగ్నీషియం తేడా వచ్చినా ఒంట్లో ఇలాంటి అదురు రావచ్చని, ముందు అవి చూద్దామని అన్నారు. ఆస్తమా పంపు వాడతారా, థైరాయిడ్ మాత్ర డోసు ఈమధ్య మార్చారా, డిప్రెషన్ మాత్రలు గానీ నిద్రమాత్రలు గానీ మధ్యలో ఠక్కున ఆపేశారా అని ఒక్కొక్కటే అడిగారు. ఇంతకు ముందు ఎవరూ ఇవి అడగలేదు. రిపోర్టుల్లో బీ12 తక్కువ వచ్చింది. నేను శాకాహారిని, పైగా ఏళ్లుగా గ్యాస్ మాత్ర రోజూ వేసుకునే అలవాటు. ఆ మాత్ర ఎక్కువకాలం వాడితే బీ12 ఒంటికి సరిగ్గా పట్టదట. ఇంజెక్షన్లు చేయించుకున్నాను, అరికాళ్ల మంటలు తగ్గాయి. అదురు మాత్రం తగ్గలేదు. ఆయనే "తగ్గలేదా? అయితే నరాల డాక్టరు ఒకసారి చూడాలి, భయపడకండి" అని చీటీ రాసి ఇచ్చారు. తన మందు పనిచెయ్యలేదని చెప్పినప్పుడు చిరాకుపడని డాక్టరుని నేను మొదటిసారి చూశాను.

నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నిజంగా భయపడ్డాను. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు అంటారేమో, చెయ్యి పడిపోతే నా బతుకుతెరువు ఏమిటి? ఆవిడ నన్ను చేతులు చాపమని నా వేళ్ల మీద తెల్లకాగితం పరిచారు. నత్తగుల్లలా చుట్లు చుట్లుగా గీత గియ్యమన్నారు. ముక్కూ, ఆవిడ వేలూ మార్చి మార్చి ముట్టుకోమన్నారు. వరండాలో నడిపించారు. మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశారు. ఏం పని చేస్తారని అడిగితే చెప్పాను. వెంటనే పక్కనున్న నర్సుని పిలిచి ఎక్కడినుంచో సూదీ దారం తెప్పించి, "ఎక్కించండి" అన్నారు. ఒక్కసారికే ఎక్కించాను, కళ్లజోడు లేకుండా. "ఈ చేతికి ఏ రోగమూ లేదు" అని నవ్వారు. ఎమ్మారై ప్రస్తుతానికి అక్కర్లేదన్నారు. అయితే ఒక చెయ్యో కాలో కంటికి కనబడేలా వణికినా, ఒకపక్క బలం తగ్గినా, నడక నెమ్మదించినా, అక్షరాలు రానురాను చిన్నవైపోతున్నా, తూలి పడుతున్నా ఆగకుండా రమ్మన్నారు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆ లక్షణాలుంటే దయచేసి నా కథ చూసి ఊరుకోకండి, వెళ్లి చూపించుకోండి.

చివరికి గైనకాలజిస్ట్ దగ్గర తేలింది. 45 దాటినవాళ్లకు నెలసరి తీరు, ఆవిర్లు, నిద్ర ఇవి చూస్తే చాలు, హార్మోన్ పరీక్షలు ఈ రోజు ఒకలా రేపు ఒకలా వస్తాయి కాబట్టి ఊరికే డబ్బు తగలెయ్యొద్దు అన్నారు. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారట, నేనింకా దాని ముందున్న దశలో ఉన్నాను. మన దేశంలో ఆడవాళ్లకు ఇది సగటున 46, 47 ఏళ్లకే వస్తోంది, అమెరికా యూరప్‌లలో 51 దగ్గర. "మరి ఈ అదురు సంగతేమిటి మేడం?" అంటే ఆవిడ దాచకుండా చెప్పారు: ఆవిర్ల మీద జరిగినన్ని పరిశోధనలు దీని మీద జరగలేదు, లక్షణాల పట్టికల్లో కూడా ఇది సాధారణంగా కనబడదు, కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చెప్పేవాళ్లు ఉన్నారు. ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుడుల వల్ల మెదడులో వేడిని, నిద్రని, ఆందోళనని సర్దే ఏర్పాటు గాడి తప్పుతుంది, అందులో భాగం కావచ్చు. ఆవిర్లు, నిద్ర బాగుపడితే ఇదీ తగ్గుతుందేమో చూద్దాం, గ్యారంటీ ఇవ్వను. గ్యారంటీ ఇవ్వనన్న డాక్టరు మీదే నాకు గురి కుదిరింది.

ఆవిడ హార్మోన్ మందు అనగానే క్యాన్సర్ వస్తుందని ఇంట్లో అందరూ గోల. ఆ సమయంలో ఆదుకుంది మా అమ్మాయి, హైదరాబాద్‌లో బీఫార్మసీ చదువుతోంది. 2002లో అమెరికాలో ఈ హార్మోన్ మందుల మీద జరుగుతున్న ఒక పెద్ద పరిశోధన మధ్యలో ఆపేశారని, ఆ భయమే ఇన్నేళ్లుగా నడుస్తోందని, అందులో చేరినవాళ్ల సగటు వయసు 63 అని, మెనోపాజ్ దగ్గర్లోనే మొదలుపెట్టేవాళ్ల లెక్క వేరని ఓపిగ్గా చెప్పింది. డాక్టరు గారు కూడా మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) తీయించి, బీపీ, లివరు చూసి, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ కాళ్లలో రక్తం గడ్డకట్టడం గానీ ఉందా అని అడిగి, అప్పుడే రాశారు. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, గర్భసంచి ఉంది కాబట్టి దానికి తోడు రాత్రిపూట ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్. ఇది అందరికీ పనికొచ్చేది కాదు. నా షాపుకొచ్చే ఒకావిడకు రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం జరిగింది, ఆవిడకు ఇది వద్దని చెప్పి హార్మోన్ లేని వేరే మందు ఇచ్చారు. కాబట్టి నా చీటీ ఫొటో పంపమని అడక్కండి, పంపను.

మా అత్తగారి గురించి చెప్పకపోతే పాపం. 74 ఏళ్ల మనిషి. నేను జెల్ రాసుకుంటుంటే చూసి, మెల్లగా పక్కన కూర్చుని, "నాకూ ఆ వయసులో ఒంటి మీద చీమలు పాకినట్టుండేది అమ్మాయ్. రాత్రిళ్లు లేచి బావి దగ్గర నీళ్లు పోసుకునేదాన్ని. మీ మావయ్యకి కూడా చెప్పలేదు" అంది. ఆ తర్వాత నుంచి తెల్లవారుజామున వంటింట్లో లైటు వేసింది నేనేనని తెలిస్తే ఆవిడా లేచి వచ్చేది. ఇద్దరం మజ్జిగ తాగేవాళ్లం.

ఇప్పుడెలా ఉంది అంటే, ఆవిర్లు బాగా తగ్గాయి, నిద్ర పడుతోంది. అదురు పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడూ తెల్లవారుజామున పలకరిస్తుంది. వచ్చినప్పుడు లేచి కూర్చుని, గాలి నెమ్మదిగా తీసుకుని ఇంకా నెమ్మదిగా వదులుతాను, రెండు అరికాళ్లూ చల్లటి గచ్చు మీద గట్టిగా ఆనిస్తాను. మధ్యాహ్నం దాటాక టీ మానేశాను, అది మాత్రం చాలా కష్టమైంది, షాపు పక్కనే టీకొట్టు మరి. శనివారం ఉపవాసం మానలేదు, కాకపోతే పొద్దున్నే పండ్లూ పాలూ తీసుకుంటున్నాను, వేంకటేశ్వరస్వామి ఏమీ అనుకోడు. అదురు వస్తే భయం మాత్రం లేదు. ఏవి కావో తెలిసిపోయాయి కదా.

మిగిలినవాళ్లు: నేను లేని రోజుల్లో హుక్కులు, కాజాలు, ఫాల్స్ అన్నీ ఒక్కతే చూసుకున్న మా షాపు పిల్ల, పరీక్షకు ఇచ్చిన రక్తం రిపోర్టు రాత్రి తొమ్మిదింటికి ఇంటికి తెచ్చిచ్చిన ల్యాబ్ అబ్బాయి, జెల్ మా ఊళ్లో దొరక్కపోతే విజయవాడ నుంచి తెప్పించిపెట్టిన మెడికల్ షాపాయన, అదీ ఆ పేరు పదిమందిలో గట్టిగా అనకుండా కాగితంలో చుట్టి. ట్రయల్‌కి వచ్చి నా ముఖం చూసి తలుపు దగ్గరికి వేసి "మేడం, మీకూ ఆవిర్లా?" అని అడిగి, తన సంగతంతా చెప్పిన స్కూలు టీచరు గారు. ఆవిడ చెప్పాకే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలని తోచింది. మీ అందరికీ నా నమస్కారాలు.

ఇక, మాఘమాసం పెళ్లిళ్లకు జాకెట్లు ఇచ్చి, ఆలస్యమైనా వేరే షాపుకి వెళ్లకుండా ఆగిన నా కస్టమర్లకు. కుట్టుకూలిలో ఈసారి లైనింగ్ ఖర్చు నాది. ఆది జాకెట్లు ఇంకా నా దగ్గరే ఉండిపోయినవి ఒక సంచిలో కట్టి పెట్టాను, ఎవరివో వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్లండి. మంగళవారం షాపు సెలవు.