మిగిలిన పాలకు పన్నీరే దారి

సంపాదకులు గారికి నమస్కారం.

మా దేవరకొండ ప్రాంతంలో బర్రెలు మేపే కుటుంబాలు చాలా ఉన్నా, పాలను కేంద్రంలో పోసి వెన్న శాతాన్ని బట్టి వచ్చే ధరతో సరిపెట్టుకోవడం తప్ప, పన్నీరు చేసి అమ్మే ఆలోచన ఇంకా కొద్దిమందికే ఉన్నది. చిక్కటి బర్రె పాలు సుమారు 5 లీటర్లకు కిలో పన్నీరు దిగుతుంది. ఆవు పాలకు అంత రాదు.

కిందటి ఎండాకాలం కేంద్రంలో తిప్పి పంపిన పులిసిన పాలతో నేనే ప్రయత్నించాను. ముక్క రవ్వరవ్వగా పొడైంది, పుల్లటి వాసన పోలేదు. పన్నీరుకు తాజా పాలే కావాలని అప్పుడు తెలిసింది. పాలను 90 డిగ్రీల దాకా కాచి, 70 డిగ్రీలకు చల్లారనిచ్చి, లీటరుకు 2 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) వేడి నీళ్లలో కరిగించి, సన్నటి ధారగా పోస్తూ నెమ్మదిగా కలిపి, తేట లేత పచ్చగా విడిపోగానే చేయి ఆపాలి. ఆ పైన కలిపితే ముక్క గట్టిపడుతుంది. గుడ్డలో మూటకట్టి 15-20 నిమిషాలు బరువు పెట్టి, తర్వాత రెండు మూడు గంటలు చల్లటి నీళ్లలో ఉంచాలి. మిగిలిన తేటను మా ఇంట్లో కుడితిలో కలుపుతున్నాం.

అసలు చిక్కు చల్లదనంతోనే. ఫ్రిజ్‌లో వారం నిలిచే సరుకు మా ఎండల్లో ఒక్క పూట ఆగదు. అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ నమోదు కూడా తప్పనిసరి. కనుక పశుసంవర్ధక శాఖ మండలానికొక శిక్షణ శిబిరం పెట్టి, మహిళా సంఘాలకు ఉమ్మడి శీతల పెట్టె ఇప్పించాలని కోరుతున్నాను.

– ఒక పాడి రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా