మీ ‘దురద కిట్’పై ఫిర్యాదు: సంచి మీద గొర్రె, లోపల కోడి

హైదరాబాద్

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కుక్కల దురద నివారణ కిట్‌లో తప్పుదారి పట్టించే లేబుల్, ప్రమాదకరమైన వాడకం సూచనలు; డబ్బు వాపసు, అమ్మకం నిలుపుదల కోసం.

అయ్యా / అమ్మా,

మేం హైదరాబాద్‌లో గ్రూమర్లుగా, పశువైద్య క్లినిక్‌లలో సహాయకులుగా పనిచేస్తున్నవాళ్ళం. అలర్జీ కుక్కల్ని ఏళ్ళుగా సాకుతున్న ఇళ్ళవాళ్ళు కూడా మాతో పాటు ఈ లేఖ మీద సంతకాలు చేశారు. మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్‌లో గొర్రె మాంసం పేరుతో ఒక ఫుడ్ సంచి, ఒక షాంపూ, మెడ మీద వేసే పిడుదుల మందు, వెంట్రుకలు పంపితే అలర్జీలేవో చెప్తామనే కూపన్ ఉన్నాయి. తప్పులు నాలుగింటిలోనూ ఉన్నాయి గానీ అన్నీ ఒకే బరువువి కావు. ఫుడ్ సంచిది అన్నిటికన్నా పెద్దది కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాం.

సంచి ముందువైపు పెద్దక్షరాల్లో ‘ఒకే ప్రోటీన్: గొర్రె’ అని, దాని కింద ‘ఎలిమినేషన్ డైట్‌కు అనువైనది’ అని ఉంది. ఏ తిండి పడటం లేదో తేల్చడానికి కొన్నాళ్ళు ఒకే రకం తిండి పెట్టి చూడటమే ఎలిమినేషన్ డైట్. సంచి తిరగేసి, అడుగున కుట్టు మడతలో పడిపోయిన చిన్నక్షరాలు సాగదీసి చదివితే వరుస ఇదీ: గొర్రె మాంసపు పొడి, బియ్యం, మొక్కజొన్న, పౌల్ట్రీ ఫ్యాట్, బీట్ పల్ప్, యానిమల్ లివర్ డైజెస్ట్, విటమిన్లు, ఖనిజాలు. బాగా శుద్ధి చేసిన కోడి కొవ్వులో ప్రోటీన్ చాలా తక్కువ ఉంటుందన్నది నిజమే. మీది అంతగా శుద్ధి చేసిందేనా అన్నది సంచి మీద ఎక్కడా లేదు. అది అలా ఉంచితే, అసలు ముద్దాయి లివర్ డైజెస్ట్. కాలేయాన్ని ఎంజైములతో కరిగించి, గింజలకు వాసన, రుచి పట్టడానికి పైన పూసే పూత అది. ఏ జంతువు కాలేయమో సంచి మీద లేదు. మెయిల్‌లో అడిగితే మీ కస్టమర్ కేర్ నుంచి ‘చికెన్ లివర్’ అని జవాబొచ్చింది. పైన పటారం, లోన లొటారం అనేది ఇలాంటి సంచిని చూసే అని ఉంటారు.

ఆ పూత ఎంతుంటుందిలే అనుకోవచ్చు. ఈ విషయంలో ‘ఎంత’ అన్నదానికి విలువ లేదు. కుక్కల్లో ఆహార అలర్జీకి ఎక్కువగా కారణమని తేలినవి గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి, గోధుమ. మన ఊళ్ళో కుక్క గిన్నెలో రోజూ కనిపించేవే ఇవి: చికెన్ అన్నం, పెరుగన్నం, మధ్యలో చపాతీ ముక్కో బిస్కెట్టో. ఏది పడటం లేదో తేల్చడానికి రక్తపరీక్షలు నమ్మదగినవి కావు. ఉన్న దారి ఒక్కటే. కుక్క పుట్టి బుద్ధెరిగి తినని ప్రోటీన్ గానీ, శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ గానీ, అదొక్కటే కనీసం 8 వారాలు పెట్టి చూడాలి. ఆహార అలర్జీ ఉన్న కుక్కల్లో నూటికి తొంభైకి పైగా ఈ గడువులో తేరుకుంటాయి. మూడు నాలుగు వారాలకే ఆపేస్తే చాలా కేసులు చేజారిపోతాయి. దురద తగ్గాక పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు గోకుడు తిరగబెడితేనే కారణం తిండి అని ఖాయం చేసుకోవాలి.

ఇప్పుడు కోడి పడని కుక్కకు మీ సంచి పెట్టారనుకోండి. రెండు నెలలు ఇంట్లోవాళ్ళు నోరు కట్టుకుని, పిల్లల చేతుల్లోంచి బిస్కెట్లు లాక్కుని, వాచ్‌మన్‌కు పదిసార్లు చెప్పి డైట్ నడుపుతారు. రోజూ గిన్నెలోకి కోడి వెళ్తూనే ఉంటుంది కాబట్టి దురద తగ్గదు. ‘మా కుక్కది తిండి అలర్జీ కాదు’ అని తేల్చేసుకుంటారు. తిండి మారిస్తే సరిపోయే కుక్క బతికినన్నాళ్ళూ మందుల మీద ఉండిపోతుంది. ఫుడ్ పాడైతే వాసన వస్తుంది, ఎవరైనా గుర్తుపడతారు. ఈ నష్టం ఎవరికీ కనబడదు, మీ మీదకు రాదు. మా ప్రధాన ఫిర్యాదు ఇదే.

అసలు గొర్రెను ఎంచుకోవడమే మన దగ్గర అనుమానాస్పదం. గొర్రె మాంసం మామూలుగా తినని దేశాల్లో అది ‘కొత్త ప్రోటీన్’ కావచ్చు. ఇక్కడ మటన్ వండిన రోజు ఎముకలు ఎటు పోతాయో అందరికీ తెలుసు. పైగా గొడ్డు, గొర్రె, మేక మాంసాల ప్రోటీన్లు ఒకదానికొకటి దగ్గరివి, ఒకటి పడనప్పుడు రెండోది కూడా పడకపోవచ్చు. కోడి పడకపోతే బాతు పెట్టమనే సలహాలోనూ ఇదే ఇబ్బంది. అందుకని సంచి మీద ముందు అడగాల్సిన ప్రశ్న ‘మీ కుక్క ఇంతవరకు ఏమేం తింది?’ అని. చేప ఎప్పుడూ తినని పెద్ద కుక్కకు ముల్లు తీసిన చేప, ఉడికించిన చిలగడదుంప, ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ లేకుండా డాక్టర్ చెప్పిన కొలతలతో ఇంట్లోనే వండి పెట్టొచ్చు. ఎదిగే కూనలకు మాత్రం ఈ వంట సరిపోదు, కాల్షియం కొరత వస్తుంది. రుచి కలిపిన నమిలే మాత్రలు, నమిలే ఎముకలు, జెలటిన్ క్యాప్సూల్స్ కూడా ఆ 8 వారాలు బంద్. పిడుదులకు, నులిపురుగులకు వేసే మాత్రల్లో రుచి లేని రకం ఇవ్వమని డాక్టర్‌ను అడగాలి. మీ కిట్‌లో ఉచితంగా పెట్టిన చిన్న ప్యాకెట్ ఏమిటో చూశారా? చికెన్ జెర్కీ!

షాంపూ సంగతి. ‘క్లోర్‌హెక్సిడిన్‌తో’ అని రాశారు, ఎంత శాతమో రాయలేదు. చర్మం మీద బాక్టీరియా, మలసీజియా అనే ఈస్టు పెరిగినప్పుడు 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్, లేదా 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 2 శాతం మైకోనజోల్ పనిచేస్తాయి. సీసా మీద ‘రుద్ది రెండు నిమిషాల్లో కడిగేయండి’ అని ఉంది. నురగ చర్మం మీద 10 నిమిషాలు నిలవాలి, గడియారం పెట్టుకుని మరీ. ఎక్కువ ఎర్రబడిన చోట, అంటే వేళ్ళ సందుల్లో, చంకల్లో, గజ్జల్లో ముందు రాసి, ఆఖరున వీపుకు వెళ్తే ఆ చోట్లకు ఎక్కువ సమయం దొరుకుతుంది. వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు. బోరు నీళ్ళు గట్టివి కాబట్టి కడగడానికి ఎక్కువ సేపు పడుతుంది. వేళ్ళ సందులు పొడి తువ్వాలుతో ఒత్తి ఆరబెట్టకపోతే, ముఖ్యంగా వానాకాలంలో, ఏ ఈస్టును చంపడానికి స్నానం చేయించారో అదే మళ్ళీ పెరుగుతుంది. పాదాల బొచ్చు గోధుమరంగుకు తిరిగి, చెవుల్లోంచి పులిసిన వాసన వస్తే ఈస్టు అని అనుమానించాలి. ఖాయం చేసేది మాత్రం టేపుతో అద్ది మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షే, క్లినిక్‌లో కొద్ది నిమిషాల పని.

కిట్‌తో వచ్చిన కరపత్రంలో షాంపూ పెట్టిన రోజే పిడుదుల మందు వేయమన్నారు. అది ఫిప్రోనిల్. చర్మం మీది నూనెతో పాటు ఒళ్ళంతా పాకే మందు అది. షాంపూ ఆ నూనెనే కడిగేస్తుంది. స్నానానికీ మందుకూ మధ్య ముందు 48 గంటలు, తర్వాత 48 గంటలు ఎడం ఉండాలి. ఇంతకన్నా ఘోరం, కుక్క ఏ సైజుదైనా ఒకే 1.34 మి.లీ. గొట్టం పంపుతున్నారు. అది 10 నుంచి 20 కిలోల కుక్కకు. 30 కిలోల లాబ్రడార్‌కు 2.68 మి.లీ. కావాలి, నాలుగు కిలోల షీట్జూకు 0.67 చాలు. ఒకదానికి సగం, ఇంకోదానికి రెట్టింపు. ఆర్డర్ ఫారంలో బరువు అడుగుతున్నారు కదా, ఆ అంకె ఎక్కడికి పోతోంది?

ఫ్లీస్ (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు) విషయం కరపత్రంలో ఒక్క ముక్క లేదు. నడుము వెనకభాగం, తోక మొదలు దగ్గర కొరుక్కునే కుక్కకు ముందు అనుమానించాల్సింది వాటినే. అలర్జీ ఉంటే ఒకటి రెండు కుట్టినా చాలు. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ళు కుక్క మీద కాక పరుపులో, సోఫా సందుల్లో ఉంటాయి. అందుకే ఇంట్లో ఉన్న కుక్కలూ పిల్లులూ అన్నిటికీ తగిన మందు కనీసం మూడు నెలలు, పరుపు గుడ్డలు వేడినీళ్ళలో ఉతకడం, వాక్యూమ్, ఇవన్నీ కలిపి నడవాలి. పిల్లి ఉన్న ఇంట్లో పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు వాడితే పిల్లి ప్రాణానికే ముప్పు. చెవుల అంచులు, మోచేతులు గోక్కుంటూ, ఇంట్లో మనుషులకూ ఎర్ర పొక్కులొస్తే గజ్జి పురుగు అని అనుమానించాలి. దానికి షాంపూ, డైట్ రెండూ దండగ.

వెంట్రుకల పరీక్ష గురించి ఎక్కువ రాయం. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి పరీక్షకు నకిలీ బొచ్చు, లాలాజలానికి బదులు సెలైన్ పంపితే వాటికి కూడా అలర్జీల జాబితా వచ్చింది. కూపన్ తీసేయండి.

మీ ఫోన్ సలహాదారుల మాటలకు మాత్రం ఎక్కువ కంగారు పడుతున్నాం. ‘స్టెరాయిడ్లు, ఇంగ్లీషు మాత్రలు అన్నీ విషం, ఇవాళే ఆపేసి మా కిట్ మొదలుపెట్టండి’ అన్నారు. కొన్ని వారాలుగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మీద ఉన్న కుక్కకు దాన్ని ఉన్నట్టుండి ఆపితే వాంతులు, నీరసం, కూలబడిపోవడం దాకా రావొచ్చు. మోతాదు మెల్లగా దించాలి, అదీ డాక్టర్ లెక్క ప్రకారం. దురద తగ్గించే ఒక్లాసిటినిబ్ మాత్ర అయితే కిలోకు 0.4 నుంచి 0.6 మి.గ్రా. చొప్పున, 14 రోజులకు మించకుండా రోజుకు రెండుసార్లు, తర్వాత ఒకసారి. ఏడాది నిండని కుక్కకు ఇవ్వరు. సైక్లోస్పోరిన్ పని కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు, అలర్జీ ఇంజెక్షన్ల కోర్సుకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఒక్కో దానికి ఒక్కో చోటు ఉంది. ‘విషం’ అని తోసేసే హక్కు సేల్స్ డెస్క్‌కు లేదు. ఇంకొకరికి ‘ఇంట్లో ఉన్న సెట్రిజిన్ వేయండి’ అని చెప్పారు. సెట్రిజిన్ వల్ల కుక్కకు పెద్దగా ఫలితం ఉండకపోవచ్చు, అంతే అయితే పోనీ అనుకోవచ్చు. కానీ ఇళ్ళల్లో ఉండే చాలా జలుబు మాత్రల్లో సెట్రిజిన్‌తో పాటు పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్ ఉంటాయి. అవి కుక్కకు హాని చేస్తాయి. అట్ట వెనక చదవమని కూడా చెప్పలేదు.

‘7 రోజుల్లో దురద మాయం’ అనే మీ ప్రకటన గురించి ఒక్క మాట. కుక్క చర్మం పైపొర మారడానికే దాదాపు మూడు వారాలు పడుతుంది. ముందు, తర్వాత అని చూపిన కూన ఫొటోలో కంటి పక్కన ఉన్న చిన్న బోడి మచ్చ డెమోడెక్స్ అనే చర్మపు పురుగు వల్ల వచ్చినట్టే ఉంది. ఆ వయసులో అలాంటి మచ్చ చాలాసార్లు ఏ మందూ లేకుండానే మానిపోతుంది. పేరు కొట్టేయడానికి మంచి కేసే ఎంచుకున్నారు.

మేం కోరుతున్నవి ఇవి. జతచేసిన బిల్లుల మొత్తం వాపసు ఇవ్వాలి. ‘ఒకే ప్రోటీన్’, ‘ఎలిమినేషన్ డైట్‌కు అనువైనది’ అనే మాటలతో ఉన్న సంచుల అమ్మకం ఆపాలి. ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ లోపల కోడి కాలేయం ఉందని, ఆ సంచితో చేసిన డైట్ ఫలితం చెల్లదని విడివిడిగా మెసేజ్ పంపాలి. వెబ్‌సైట్ మూలన ఓ గమనిక పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. షాంపూ మీద శాతం, 10 నిమిషాల సూచన ముద్రించాలి. పిడుదుల మందు బరువును బట్టి పంపాలి. ఫోన్‌లో మందులు చెప్పడం, ఆపమనడం మానేయాలి. పశువైద్యుణ్ణి కలవమని మాత్రమే చెప్పాలి. హైదరాబాద్‌లో అడిగినవాళ్ళకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల పేర్లు చెప్పడం మీకేమీ భారం కాదు.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, తప్పుదారి పట్టించే ప్రకటనగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు, వాపసు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 చట్టం కింద అలాంటి ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. జంతువుల జబ్బుకు వాడేది కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం దృష్టిలో మందే. కాబట్టి పిడుదుల మందు గొట్టాల లేబుల్ సంగతి డ్రగ్స్ కంట్రోల్ అధికారుల దృష్టికి వేరుగా తీసుకెళ్తాం.

మీ జవాబు రాతపూర్వకంగానే పంపండి. దయచేసి ఫోన్ చేయొద్దు.

ఇట్లు,
సంతకాలు చేసినవారు

జతచేసినవి: బిల్లుల నకళ్ళు, సంచి ముందు వెనక వైపుల ఫొటోలు, చికెన్ లివర్ గురించి మీ జవాబు మెయిల్, కరపత్రం నకలు, తెరవని పిడుదుల మందు గొట్టం ఒకటి.