సీసా మీద 'సైనస్' అన్న మాట తీసేస్తున్నాం

నమస్కారమండీ. ఈ నెల తేనె పంపే ముందు మీకు ఒక విషయం చెప్పాలి.

రెండేళ్లుగా మా పాడేరు కొండతేనె సీసాల మీద "జలుబు, దగ్గు, సైనస్‌కు మంచిది" అని వేస్తున్నాం. పోయిన నెల ఒకావిడ ఫోన్ చేశారు. ఏడాదిగా ముక్కు దిబ్బడ, నుదుటి నొప్పి. మా లేబుల్ నమ్మి, తేనెను కుళాయి నీళ్లలో కలిపి జలనేతి చెంబుతో ముక్కులో పోసుకున్నారు. రెండు రోజులు ఒకటే మంట. డాక్టరుకు చూపించుకున్నాక తగ్గింది. "మీరే రాశారు కదమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

తేనె, సైనస్ మీద పరిశోధనలు జరిగిన మాట నిజమే. సైనస్‌లలో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో, బాక్టీరియా జిగురు పొర కట్టుకుని కూర్చుంటే మందులు సరిగా పనిచేయవు. ఆ పొరలోని బాక్టీరియాను న్యూజిలాండ్ మనుకా తేనె, యెమెన్ సిద్ర్ తేనె బాగా చంపాయని కెనడాలోని ఒటావా పరిశోధకులు 2009లో ప్రచురించారు. కానీ అది ల్యాబ్‌లో, మనిషి ముక్కులో కాదు. తర్వాత ఆస్ట్రేలియాలో అడిలైడ్ డాక్టర్లు రోగుల మీదే చూశారు. మనుకా తేనె ద్రావణంతో రోజుకు రెండుసార్లు, 14 రోజులు ముక్కు కడిగించారు. హాని జరగలేదు. అయితే యాంటీబయాటిక్, ఉప్పునీళ్ల కన్నా ఎక్కువ మేలూ కనబడలేదు. 2019లో అచ్చయింది.

మనుకాకు ఆ బలం మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థం వల్ల వస్తుంది. మనుకా చెట్టు పూల మకరందంలోనే దాని మూలం ఉంది. మన కొండల్లో ఆ చెట్టు లేదు. పైగా వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మేం గుడ్డతో వడకట్టి సీసాలో పోస్తాం, అంతే. తినడానికి అది చాలు, ముక్కులో పోయడానికి చాలదు.

తప్పు మాది. క్షమించండి. సైనస్ కోసమని కొన్నవాళ్లు సీసా తెరిచినా సరే వెనక్కి పంపండి, పూర్తి డబ్బు ఇచ్చేస్తాం. ముక్కు కడుక్కునే అలవాటున్నవాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి, కుళాయి నీళ్లు వద్దు. 12 వారాలు దాటినా దిబ్బడ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి.

కొత్త లేబుల్ మీద రోగాల పేర్లు ఉండవు. ఒక్క హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాల్లో వేయిస్తున్నాం: ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించవద్దు.