వార్షిక నివేదిక: అడయారు తోట, మన కాలనీ మర్రి

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చూపిస్తాం. ఎక్కువమంది అడుగుతున్నది అడయారు తోట సందర్శన గురించీ, ఆ తర్వాత మన మర్రికి చేసిన పని గురించీ కనుక ఈసారి నివేదిక దాని మీదే.

చెన్నైలో అడయారు నది దక్షిణపు ఒడ్డున ఉన్న హడిల్‌స్టన్ గార్డెన్స్ ఎస్టేటును 1882లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) కొనుక్కుంది. మనం చూసొచ్చిన తోట ఇదే. మన మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1909లో ఆ సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ కంటపడింది ఈ తీరంలోనే. అక్కడి పెద్ద మర్రికి 1989 గాలివానలో తల్లిమాను కూలిపోయింది. అయినా చెట్టు బతికే ఉంది. దిగిన ఊడలే స్తంభాలై కొమ్మలను మోస్తున్నాయి, నీళ్లూ అందిస్తున్నాయి. 2016 డిసెంబరులో వర్ధా తుపానుకు తోటలో చాలా చెట్లు పోయాయి.

ఊడ నేలను అందుకునేదాకా సన్నగానే ఉంటుంది, అందుకున్నాకే లావెక్కుతుంది. ఊడ్చేవాళ్లు, ఊయలలూగే పిల్లలు కొస తుంచేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మన మర్రికి పొడవాటి అడ్డకొమ్మ కింద నాలుగు ఊడలు ఎంచుకున్నాం. వెదురును నిలువునా చీల్చి, కణుపులు తొలిచి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు తడిపి కూరాం. ఊడను మధ్యలో పెట్టి, రెండు చీలికలూ మూసి కొబ్బరితాడుతో కట్టాం. అడుగు అడుగున్నర లోతు గుంతలో నిలిపాం.

రెండు ఊడలు నేల పట్టాయి. మూడోది ఏప్రిల్ ఎండకు ఎండింది. వారానికి రెండుసార్లు పోసిన నీళ్లు చాలలేదు, రోజు విడిచి రోజు పోయాల్సింది. నాలుగోదానికి తాడు బదులు బైండింగ్ వైరు చుట్టారు, అది బెరడులోకి దిగిపోయింది. మంచి ఉద్దేశంతోనే చుట్టారు, తప్పు మాత్రం తప్పే. నేల పట్టిన వాటికి వెదురు ఇక తీసేయాలి. ఉంచితే ఊడ లావెక్కే దారి ఉండదు, చెదలూ పడతాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదల మందు సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా ఎక్కించాల్సి వచ్చిందని గుర్తుంచుకోండి.

చెట్టు చుట్టూ సిమెంటు అరుగు కట్టాలన్న ప్రతిపాదనను కార్యవర్గం ఒప్పుకోలేదు. నీళ్లు పీల్చే సన్నవేళ్లు ఎక్కువగా నేల పైపొరలోనే, ఒక అడుగు లోతులోపే ఉంటాయి. వాటికి గాలి ఆడాలి.

మళ్లీ అడయారు వెళ్లేవారు సందర్శన వేళలు ముందే కనుక్కోండి, బాట దిగకండి. పులిహోర పొట్లాలు బయటికొచ్చాకే విప్పుదాం.

పాడైన రెండింటి బదులు కొత్త ఊడలకు ఈశాన్య వానలకు ముందే, సెప్టెంబరులో, వెదురు కడతాం. నీళ్లు పోసే వంతు తీసుకోగలవారు కార్యదర్శికి పేరివ్వండి.