మీ నాయినకు మనిషి దొరికాడు

నల్లగొండ

దోస్తూ,

మీ నాయినకు డ్రైవర్‌ని చూడమని డాలస్ నుంచి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజులన్నీ విన్నా. రాత్రి పడుకునే ముందు పెట్టుకుంటే మా ఆవిడ రేడియో అనుకుంది. ఫోన్‌లో చెబితే సగంలోనే టెన్షన్ పడి అడ్డం వస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నా. జర ఓపిగ్గా చదువు.

మీ నాయినకు మనిషి దొరికాడు. మర్రిగూడ దిక్కు పిల్లగాడు, ముప్పై లోపే ఉంటాడు. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపాడట. ఈఎంఐలు కట్టలేక బండి వదిలేసి ఊరికి వచ్చేశాడు. దేవరకొండ రోడ్డు మీద నేనే పక్కన కూర్చుని చూశా. తొందరపాటు లేదు, ఎదురుగా గొర్రెల మంద వస్తే హారన్ కొట్టకుండా ఆపుకుని కూర్చున్నాడు. అయితే నేను అతన్ని ఖాయం చేసింది డ్రైవింగ్ చూసి కాదు.

ఇంటికి తీసుకెళ్లిన రోజు సార్ వాలుకుర్చీలో ఉన్నారు. (మీ నాయినను నేను ఇప్పటికీ సార్ అనే అంటా, లెక్కలు తప్పినప్పుడు తిన్న దెబ్బలు అంత తొందరగా మరిచిపోతామా.) లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. నేనైతే గబుక్కున చెయ్యి పట్టి లాగేవాణ్ని. ఆ పిల్లగాడు లాగలేదు. ముందుగా కాళ్లు రెండూ వెనక్కి జరపమన్నాడు. ఎదురుగా వంగి తన మోకాలు ఆయన మోకాలికి ఆనించి, రెండు చేతులూ నడుము వెనక్కి పోనిచ్చి, "మూడనంగనే లేద్దాం సార్" అని లెక్కపెట్టాడు. లేచాక వెంటనే వదిలిపెట్టలేదు, కాసేపు అట్లాగే నిలబెట్టి, తల తిరగడం లేదు కదా అని అడిగాకే వదిలాడు. ఎక్కడ నేర్చుకున్నావు అంటే, వాళ్ల తాతకు ఫ్లోరైడ్ నీళ్లతో నడుమూ మెడా బిగిసిపోతే చిన్నప్పటి నుంచి తనే లేపి కూర్చోబెట్టాడట. మిషన్ భగీరథ మంచినీళ్లు వచ్చేసరికి ఆ ముసలాయన లేడు. మన జిల్లాలో ఈ పని సర్టిఫికెట్ లేకుండా నేర్చుకున్నవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో చూడు.

నువ్వు ఆన్‌లైన్‌లో మాట్లాడిన ఏజెన్సీ సంగతి నీకు తెలిసిందే. కమీషన్ ముందే తీసుకుని, పంపిన మనిషిని నెల తిరక్కుండానే మార్చేశారు. వచ్చిన ప్రతివాళ్లకీ ఏ మాత్ర పొద్దున, ఏది అన్నం తిన్నాక అని మొదటి నుంచి చెప్పడమే సార్‌కు పనైపోయింది. ఇక ఆ దిక్కు చూడకు.

ఇంకో మాట. నువ్వు డ్రైవర్, డ్రైవర్ అంటున్నావు గానీ, సార్ కారెక్కేది ఎన్నిసార్లు? మిగతా పొద్దంతా ఏం చేయాలి? బ్యాంకులో టోకెన్ తీసుకుని కూర్చోవాలి, రిపోర్టులు తేవాలి, దవాఖానలో పేరు పిలిచినప్పుడు పలకాలి, సాయంత్రం క్లాక్ టవర్ దాకా పక్కన నడవాలి. ఇవన్నీ ముందే చెప్పి ఒప్పించా. లేకపోతే "నేను డ్రైవర్‌ని, సంచి మోయను" అని తర్వాత పేచీ వస్తుంది. 18,000 అడిగాడు. 17,000కు కుదిరింది, మధ్యాహ్నం భోజనం మనదే. ఆదివారం సెలవు. దసరాకు బట్టలు, పైన కొంత చేతిలో పెట్టు. రాత్రి ఉండడు, పై వాటాలో అద్దెకున్నవాళ్ల దగ్గర ఒక తాళంచెవి పెట్టా. ఆధార్, లైసెన్సు జిరాక్సులు, ఫొటో పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్‌కు ఇచ్చా. వాళ్ల ఊరికి కూడా ఒకసారి పోయి వాళ్లమ్మను చూసి వచ్చా. స్టేషన్ కాగితం కంటే నాకు అదే ఎక్కువ ధైర్యం.

మరి సార్ స్టీరింగ్ ఎట్లా వదిలారంటావా? నేనేం బతిమాలలేదు. లైసెన్సు తీసి చూస్తే గడువు అయిపోయి ఏడాది దాటింది. ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాలి, పైగా ఈ వయసుకు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కూడా కావాలని చెప్పా. "నా దగ్గర చదువుకున్నోడు నాకు టెస్టు పెడతాడా" అన్నారు. అంతే, తాళాలు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆ ఆర్టీఓ ఆఫీసులో నిజంగా ఆయన శిష్యుడు ఎవడైనా ఉన్నాడో లేడో నాకు తెలియదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. హాల్లో పెట్టించిన కెమెరా మీద సార్ తువ్వాల ఆరేస్తున్నారు. తీసేయించు. గేటు దగ్గరిది చాలు. మొన్న హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి దవాఖానకు కళ్లు చూపించడానికి పోతుంటే పంతంగి టోల్ దాటగానే ఫాస్టాగ్ మెసేజ్ నీ ఫోన్‌కు పోయింది. నువ్వు వెంటనే ఆ పిల్లగాడికి ఫోన్ చేసి ఎక్కడికి తీసుకుపోతున్నావు అన్నావు. సార్ పక్కనే ఉన్నారు, అన్నీ విన్నారు. చౌటుప్పల్ దాకా నోరు తెరవలేదు. తర్వాత ఒకటే అన్నారు: "వాడు నాకు డ్రైవర్‌ని పెట్టాడా, నా మీద మనిషిని పెట్టాడా?" దీనికి నేనేం చెప్పాలి?

అందుకే ఒకటి చెయ్యి. జీతం నువ్వు ఆ పిల్లగాడికి నేరుగా పంపకు. మీ నాయిన ఖాతాలో జమ చెయ్యి, ఒకటో తారీఖున ఆయన లెక్కపెట్టి చేతికి ఇవ్వాలి. నువ్వు ఇస్తే వాడు నీ మనిషి అవుతాడు, ఆయన ఇస్తే ఆయన మనిషి అవుతాడు. ఏదైనా అడగాలంటే ముందు సార్‌ను అడుగు, మరీ అనుమానం వస్తే నన్ను అడుగు. వాడికి ఫోన్ దవాఖాన సమయంలో మాత్రమే చెయ్యి. పెట్రోలుకు, మందులకు యూపీఐ సర్కిల్ పెట్టా, అంటే సార్ ఖాతా నుంచి వాడు తన ఫోన్‌తో చెల్లించే ఏర్పాటు. దాంట్లో పూర్తి అధికారం ఇస్తే నెలకు 15,000 దాకా, ఒక్కసారికి 5,000 దాకా వాడే చెల్లించుకోవచ్చు. అది వద్దన్నా. వాడు షాపులో స్కాన్ చేస్తే సార్ ఫోన్‌కు వస్తుంది, ఈయన పిన్ కొడితేనే పైసలు కదులుతాయి. సార్ దీనికి మస్తు ఖుషీ. వాలుకుర్చీలో కూర్చుని ట్రెజరీ ఆఫీసర్ లాగా పాస్ చేస్తున్నారు. దగ్గు మందు బిల్లు ఒకటి ఇప్పటికే వెనక్కి పంపారు, ఇంట్లో సగం సీసా ఉందని.

మొదటి రోజు ఆ పిల్లగాడు టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి తాగాడు. ఎవరూ చెప్పలేదు, వాడికి ఎక్కడో అలవాటైనట్టుంది. సార్ చూసి, లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, ఎంతవరకు చదివావు అని అడిగారు. ఇంటర్ లెక్కల్లో తప్పాడట. అయిపోయింది వాడి పని! ఇప్పుడు మధ్యాహ్నం పూట నోటుబుక్కు నడుస్తోంది.

నువ్వు చేయాల్సినవి రెండు. కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో జీతానికి పెట్టుకున్న డ్రైవర్ కవర్ చేర్చు, 50 రూపాయలే, చాలామంది వదిలేస్తారు. కారు ఇంకా ఏపీ 24 నంబరే కదా, 15 ఏళ్లు నిండాయి, ఆర్సీ ఐదేళ్లకు పొడిగించాలి. కాగితాల మీద నీ పేరే ఉంది కాబట్టి నీ ఆధార్‌కున్న పాత నంబరుకు ఓటీపీ వస్తుందేమో చూసుకో, ఆ సిమ్ బతికే ఉందా?

ఫోన్ చేసేదుంటే మీ డాలస్‌లో రాత్రి పదికి చెయ్యి, చలికాలంలో గడియారం మారాక తొమ్మిదికి. ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర అవుతుంది, సార్ టిఫిన్ చేసి పేపర్ ముందేసుకుని ఉంటారు. అంతకంటే ఆలస్యమైతే లెక్కల క్లాసు మొదలవుతుంది, ఎత్తరు.

నీ
దోస్తు