రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: కొత్త కారు చేతికిచ్చే రోజే చక్రాల కొలతల కాగితం ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను అనంతపురంలో నివాసముంటూ ధర్మవరం సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయుడిని. పదమూడు నెలల క్రితం కొన్న కొత్త కారులో బడికి రానూ పోనూ రోజుకు సుమారు 80 కిలోమీటర్లు తిరుగుతున్నాను. 40,000 కిలోమీటర్లయినా వస్తాయనుకున్న ముందు టైర్లు రెండూ 16,000 కిలోమీటర్లకే పనికిరాకుండా పోయాయి. ఇది నా ఒక్కడి నష్టమే అయితే ఈ లేఖతో మీ సమయం తీసుకునేవాడిని కాను.

గత నెలలో రాప్తాడు దాటాక వెనుక చక్రానికి మేకు దిగితే రోడ్డు పక్కనున్న పంక్చర్ కొట్టు దగ్గర ఆపాను. పంక్చర్ వేసిన కుర్రవాడు నేను అడగకుండానే స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించి, "సార్, ఈడ సెయ్యి పెట్టి సూడండి" అన్నాడు. బయటి నుంచి గాడులు లోతుగా, నిక్షేపంలా కనిపిస్తున్న ముందు టైరు లోపలి అంచున రెండు వేళ్ల వెడల్పున గుండులా అరిగిపోయి ఉంది. ఒకచోట ఇనుప తీగ కొన బయటపడి నా వేలికి గుచ్చుకుంది. మిగిలిన రబ్బరును ఒక దిక్కుకు నిమిరితే నున్నగానూ, ఎదురు నిమిరితే రంపపు పళ్లలాగానూ తగిలింది. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే కోణాల అమరిక, తప్పిందనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదని అతడు చెప్పాడు. అంతకు రెండు నెలల ముందే జరిగిన మూడో ఉచిత సర్వీసు జాబ్ కార్డులో మాత్రం 'టైర్లు బాగున్నాయి' అన్న గడిలో టిక్కు ఉంది.

షోరూమ్‌కు వెళితే రోడ్లు బాగాలేవని, నేను గుంతల్లో దించి ఉంటానని అన్నారు. టైర్లకు తమ వారంటీ వర్తించదని, టైరు కంపెనీని అడగాలని చెప్పారు. టైరు కంపెనీ మనిషి వచ్చి చూసి, రబ్బరులో తయారీ లోపం లేదని, లోపం బండి చక్రాల కోణంలో ఉందని తేల్చాడు. నా దృష్టిలో అతడు చెప్పిందే సరైనది. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో, తక్కువైతే రెండు అంచులా, షాక్ అబ్జార్బర్ పాడైతే అక్కడక్కడా గుంటలుగా అరుగుతుందని అనుభవమున్న ఏ మెకానిక్ అయినా చెబుతాడు. రెండు ముందు టైర్లూ లోపలి అంచునే, ఒకే తీరుగా అరిగాయంటే చూడవలసింది చక్రాల కోణాన్నే. బయట అలైన్‌మెంట్ చేయిస్తే రెండు ముందు చక్రాలూ ముందు వైపున చెరో అర డిగ్రీ మేర బయటికి విచ్చుకుని ఉన్నాయని తెరపై ఎర్ర అంకెల్లో కనిపించింది.

అర డిగ్రీ అంటే చాలా తక్కువ అనిపించవచ్చు. అయితే లెక్క వేసి చూడండి. చక్రం నడిచే దిక్కు నుంచి అర డిగ్రీ తిరిగి ఉంటే, కిలోమీటరు ప్రయాణంలో టైరు సుమారు 9 మీటర్లు అడ్డంగా రాసుకుంటుంది. 16,000 కిలోమీటర్లకు అది దాదాపు 140 కిలోమీటర్లు అవుతుంది. అంటే అనంతపురం నుంచి ఇంచుమించు కర్నూలు దాకా ఆ టైరును రోడ్డు మీద అడ్డంగా ఈడ్చుకెళ్లినట్టు!

ఈ కోణం కారు నాకు ఇచ్చిన రోజు నుంచే అలా ఉందా, లేక తర్వాత ఏదైనా దెబ్బ తగిలి మారిందా అన్న ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. గుంతల వల్ల కూడా అలైన్‌మెంట్ తప్పుతుందన్నది నేనూ ఒప్పుకుంటాను. జిల్లాలోని కొన్ని రోడ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కానీ మొదటి రోజు కొలతలే లేనప్పుడు నిందను కొన్నవాడి మీదకు నెట్టడం సులువు, తప్పు తనది కాదని నిరూపించుకోవడం కొన్నవాడికి అసాధ్యం. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం, అధీకృత డీలరు అమ్మిన కొత్త వాహనాన్ని మొదటి రిజిస్ట్రేషన్ కోసం రవాణా కార్యాలయంలో చూపించాల్సిన పని లేదు. ఆ సౌకర్యం మంచిదే. అయితే ప్రభుత్వం తన కన్ను పక్కన పెట్టి డీలరు మాటను నమ్మినప్పుడు, ఆ మాటకు ఒక కాగితం ఉండాలి కదా.

టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కారు నడపకూడదని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. నా టైరు బయటి వైపు చూస్తే ఏ తనిఖీ అధికారికీ అనుమానం రాదు. లోపలి అంచున మాత్రం ఆ పరిమితి ఎప్పుడు దాటిందో తెలియకుండానే ఎండాకాలమంతా భార్యాపిల్లలను ఎక్కించుకుని 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వెళ్లాను. తీగ బయటపడిన టైరు, నలభై డిగ్రీల ఎండ, ఆ వేగం కలిస్తే ఏం జరిగి ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అందుచేత నా విన్నపం ఇది. కారు అప్పగించే రోజే అలైన్‌మెంట్ కొలతలు తీసి, ఆ ముద్రిత కాగితాన్ని రిజిస్ట్రేషన్ పత్రాలతో పాటు యజమానికి ఇవ్వాలని డీలర్లందరికీ మీ శాఖ ద్వారా ఆదేశించండి. ప్రతి ఉచిత సర్వీసులో నాలుగు టైర్ల లోతును లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున విడివిడిగా కొలిచి, టిక్కుకు బదులు మిల్లీమీటర్లలో జాబ్ కార్డు మీద రాయించండి. కొలిచే సాధనం జేబులో పట్టేంత చిన్నది, కొలవడానికి పది నిమిషాలు చాలు. దేశమంతటికీ వర్తించే నియమం కావాలంటే అది కేంద్రం చేతిలో ఉంది కనుక, అక్కడికి కూడా రాష్ట్రం తరఫున ఒక లేఖ రాయవలసిందిగా కోరుతున్నాను.

కొత్త టైర్లు వేయించినప్పుడు పాతవి తామే ఉంచుకుంటామని షోరూమ్ వారు అడిగారు. నేను ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను నివసించే జిల్లాలోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేసే హక్కు నాకుంది. అవసరమైతే వినియోగదారుల కమిషన్ వస్తువును ప్రయోగశాలకు కూడా పంపగలదు. ఆ రెండు టైర్లూ మా ఇంటి మెట్ల కింద ఉన్నాయి. మీ శాఖ అధికారులు ఎప్పుడు వచ్చినా, బయటి వైపు మొదట చూపించి, ఆ తర్వాత లోపలి అంచు చూపిస్తాను.

భవదీయుడు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు,
అనంతపురం