బండి పంపే ముందు మూత తీసి చూస్తాం

మా కస్టమర్లందరికీ నమస్కారం. హన్మకొండ, వరంగల్ చుట్టుపక్కల కాలనీల్లో పదకొండేళ్లుగా సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి నడుపుతున్నాను. మీలో చాలామంది ఫోన్ చేసి చెప్పేది ఒకటే మాట: "ట్యాంకు నిండింది, బండి పంపన్నా." మేమూ ఆ మాట నమ్మి పంపేవాళ్లం. ఈ నెల నుంచి ఆ పద్ధతి మారుస్తున్నాను. కారణం దాచకుండా చెబుతాను.

పోయినేడు ఒక రిటైర్డ్ టీచరు గారు పాత ఇల్లు కొన్నారు. గృహప్రవేశం అయిన రెండో నెలలోనే కింది బాత్రూంలో నీళ్లు పోకుండా పైకి తన్నాయి. బండి పంపాం, లోడు తీశాం, డబ్బులు తీసుకున్నాం. నాలుగు నెలలకు మళ్లీ ఫోన్ చేశారు. మళ్లీ తీశాం. మూడోసారి పిలిచినప్పుడు నేనే వెళ్లాను. మోటారు ఆన్ చేసి లాగుతుంటే, బయటికి పోవాల్సిన గొట్టంలోంచి నల్లటి నీళ్లు తిరిగి ట్యాంకులోకే ధార కట్టాయి. అసలు నిండిపోయింది ట్యాంకు వెనకున్న ఇంకుడు గుంత. మనం సోక్ పిట్ అంటామే, అది. దాన్ని వదిలేసి ట్యాంకు ఎన్నిసార్లు ఖాళీ చేసినా లాభం లేదు. మొదటిరోజే అక్కడ ఐదు నిమిషాలు నిలబడి చూసి ఉంటే తెలిసేది. తప్పు మా కుర్రాళ్లది కాదు. అలా చూడమని వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు. మూడోసారి డబ్బులు తీసుకోలేదు, రెండోసారివి తిరిగిచ్చాను. ఆ సార్ "పోనీలే బాబూ" అన్నారు. కానీ కొనకముందే ఈ సంగతి తెలిసుంటే బేరంలోనే తేల్చుకునేవారు కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇకనుంచి ముందు తనిఖీ, తర్వాతే బండి. తనిఖీకి 700 రూపాయలు. ట్యాంకు ఖాళీ చేయాల్సి వస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. అవసరం లేదనిపిస్తే లేదనే చెప్పి వచ్చేస్తాం.

ఆ తనిఖీలో ఏం చూస్తామో మీకూ తెలిసుండాలి. ముందు ట్యాంకు ఎక్కడుందో దొరకాలి. సగం ఇళ్లలో ఇక్కడే పని ఆగిపోతుంది. పార్కింగ్‌లో టైల్స్ వేసేటప్పుడు మూతలు కూడా కప్పేస్తారు. బాత్రూం పైపు ఎటు పోతోందో, గాలి గొట్టం ఎక్కడ లేచిందో చూసి వెతుక్కోవాలి. మూత తీశాక వెంటనే తొంగి చూడం. లోపలి గాలి బయటికి పోవాలి. ఆ దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల పనికిరావు, ఎందుకంటే అందులో మీథేన్ ఉంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

తర్వాత నీటి మట్టం. ఇది ట్యాంకు ఖాళీ చేయకముందే చూడాలి. బాగా పనిచేసే ట్యాంకులో నీళ్లు ఎప్పుడూ బయటికి పోయే గొట్టం అడుగు అంచు దాకా నిండే ఉంటాయి. అది లోపం కాదు, దాని కట్టుబడే అంత. ఎంత నీరు లోపలికొస్తే అంత నీరు బయటికి పోతుంది, మడ్డి అడుగున దిగుతుంది, తెట్టు పైన తేలుతుంది. నీళ్లు ఆ గొట్టాన్ని దాటి పైకొచ్చాయంటే గొట్టమో సోక్ పిట్టో మూసుకుపోయింది.

గొట్టం కంటే బాగా కిందికి ఉంటే అది ఇంకా పెద్ద సమస్య. "మా ట్యాంకు ఇరవై ఏళ్లయినా నిండలేదన్నా" అని సంతోషంగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ మాట వింటే టెన్షన్ మొదలవుతుంది. నిండలేదంటే కారుతోందన్నమాట. పగులైనా ఉండాలి, లేదా అడుగు గచ్చు లేకుండా సిమెంటు రింగులు దించి దానికే సెప్టిక్ ట్యాంకని పేరు పెట్టి ఉండాలి. మన దగ్గర పాత ఇళ్లలో ఇలాంటివి తక్కువేం కాదు. ఆ నీరంతా భూమిలోకే పోతుంది, అదే పెరట్లో బోరు ఉంటుంది. మురుగు ఇంకించే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం చెబుతోంది. 150 గజాల ప్లాటులో అంత దూరం ఎక్కడ దొరుకుతుంది? పక్కింటి బోరు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ట్యాంకు కారుతోందని తేలిన ప్రతి ఇంట్లోనూ బోరు నీళ్లు ల్యాబుకు పంపి కోలిఫాం పరీక్ష (నీళ్లలో మురుగు కలిసిందేమో చెప్పే క్రిముల పరీక్ష) చేయించమని చెబుతున్నాం. అందులో మాకేం కమీషన్ లేదు.

మడ్డి ఎంతుందో కొలవడానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. పొడుగు కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగు దాకా దించి, కాసేపు ఉంచి మెల్లగా లాగితే నల్లటి మరక ఎంతవరకు అంటిందో అంత మడ్డి. తెట్టు, మడ్డి కలిపి లోతులో మూడో వంతు దాటితే ఖాళీ చేయాల్సిందే. మామూలు కుటుంబానికి రెండు మూడేళ్లకోసారి ఆ అవసరం వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఒకరిని ప్రతి బాత్రూంలోనూ ఫ్లష్ చేయమంటాం. నీళ్లు ట్యాంకు మొదటి గదిలోకి వస్తున్నాయా, అక్కడి నుంచి ముందుకు పోతున్నాయా అన్నది కళ్ల ముందే తెలుస్తుంది. ఖాళీ చేసే పని ఉంటే, లాగుతున్నప్పుడు వెనక్కి ధార కడుతుందేమో చూస్తాం. అంతా తీశాక కర్రకు ఫోన్ కట్టి, లైటు వేసి, పైనుంచే వీడియో తీస్తాం. గోడల పగుళ్లు, మధ్య గోడ, విరిగిన టీ (T) ఆకారపు పైపు, లోపలికొచ్చిన చెట్ల వేర్లు అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ వీడియో మీకే ఇస్తాం.

పైనుంచే అని ఎందుకన్నానంటే, "ఒక్క నిమిషం మనిషిని దింపితే అయిపోతుంది కదా" అని ఇప్పటికీ అడుగుతున్నారు. దింపం. ఎంత డబ్బిచ్చినా దింపం. ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. అతన్ని కాపాడదామని దిగినవాడూ పైకి రాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు చాలావరకు ఇలా జరిగినవే. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. దింపించిన ఇంటి యజమానికీ ఆ బాధ్యత ఉంటుంది. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. నా దగ్గర పనిచేసే ముగ్గురికీ చిన్నపిల్లలున్నారు. పిల్లలకు నాన్న కావాలి, 30 లక్షలు ఎవరికి కావాలి?

రేటు సంగతి కూడా చెప్పాలి. మాకంటే తక్కువకు తీసే బండ్లు ఉన్నాయని నాకు తెలుసు. ఆ లోడు ఎక్కడ పోస్తున్నారో ఒకసారి అడగండి. మన కార్పొరేషన్ 2016లోనే దీనికి నిబంధనలు తెచ్చింది, శుద్ధి కేంద్రం కూడా కట్టింది. అక్కడిదాకా పోయి రావడానికి డీజిలు, టైము రెండూ ఖర్చవుతాయి. చీకట్లో నాలాలోనో చెరువు కట్ట వెనకో వదిలేస్తే ఆ ఖర్చు మిగులుతుంది. మేం అలా మిగుల్చుకోం, అందుకే మా రేటు ఐదొందలు ఎక్కువే ఉంటుంది.

ఇల్లు కొనేవాళ్లకు ఒక విన్నపం. రిజిస్ట్రేషన్ కాగితాలు లాయరుకు చూపిస్తారు, ఈశాన్యం వాస్తు పంతులుకు చూపిస్తారు. అడ్వాన్సు ఇవ్వకముందే ట్యాంకు మూత కూడా తీయించండి. వీలైతే వానాకాలంలో ఒకసారి చూడాలి. నల్లరేగడి నేల నాని ఉన్నప్పుడు నీళ్లు ఇంకవు, వేసవిలో బాగున్న సోక్ పిట్ అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. ఇల్లు కొత్తగా కట్టుకునేవాళ్లు మూతల మీద టైల్స్ అతికించకండి.

యాసిడ్, డైపర్లు, ప్యాడ్లు, వంటనూనె లోపలికి పోనీయొద్దని ఎన్నోసార్లు చెప్పాను, మళ్లీ చెబుతున్నాను.

టీచరు గారింట్లో పాత సోక్ పిట్ కాకుండా ఇంకోటి తవ్వించాం. బోరు ఉన్న వైపు వదిలి, స్థలం సరిపోక గేటు పక్కన వేయాల్సి వచ్చింది. ఈ వర్షాలు దాటితే గానీ అది నిలిచిందో లేదో చెప్పలేను. ఆగస్టులో వెళ్లి ఉచితంగా చూసి వస్తానని సార్‌కు మాటిచ్చాను.

గత ఏడాదిలో మా చేత రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు ట్యాంకు తీయించినవాళ్లు ఫోన్ చేయండి. మీ దగ్గర తనిఖీ డబ్బులు తీసుకోం. మేం వచ్చేరోజు పైన వాటర్ ట్యాంకు నింపి ఉంచండి, ఫ్లష్ చేసి చూడటానికి నీళ్లు కావాలి.